కోఠీ రెసిడెన్సీయా, చౌమహల్లానా: ఏ రూపం మేలు?

హైదరాబాదులో అధికారం తన కోసం కట్టించుకున్న పాత భవనాలలో పక్కపక్కన పెట్టి చూడదగినవి రెండు: మూసీకి ఉత్తరాన కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ, దక్షిణాన ఖిల్వత్‌లోని చౌమహల్లా. మొదటిదానిని నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించాడు. రెండవది 18వ శతాబ్దం నడిమిలో మొదలై, ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, అంటే 1857, 1869ల మధ్య, పూర్తి రూపానికి వచ్చింది. రెండింటిలోనూ దర్బారు జరిగింది, రెండింటిలోనూ ఐరోపా తరహా స్తంభాలు ఉన్నాయి. అయినా ఒకటి వీధికి ముఖం చూపిస్తుంది, మరొకటి దాచుకుంటుంది. నా దృష్టిలో అసలు తేడా స్తంభాలలో లేదు, అవి ఎటు తిరిగి నిలబడ్డాయన్న దానిలో ఉంది.

రెసిడెన్సీ దూరం నుంచి కనబడడానికే పుట్టిన కట్టడం. ఎత్తైన కొరింథియన్ స్తంభాల వరుస, దానిపై త్రికోణపు నుదురు, అందులో కంపెనీ చిహ్నం, మెట్లకు అటూ ఇటూ సింహాలు. లోపలికి వెళ్ళదలచిన ప్రతివాడూ తల పైకెత్తి, మెట్లెక్కి వెళ్ళవలసిందే. 1798, 1800 ఒప్పందాలతో నిజాం రాజ్యం కంపెనీ సైన్యం నీడలోకి వచ్చిన రోజులవి కనుక, ఆ సంగతి మాటల్లో చెప్పనక్కరలేకుండా భవనమే చెప్పేది. విచిత్రమేమంటే ఖర్చు నిజాముదే. పెద్ద కాగితం మీద గీసిన నక్షాను చూసి నిజాం నిరాకరించాడనీ, అదే నక్షాను చిన్న చీటీ మీద గీసి చూపిస్తే సరేనన్నాడనీ ఒక కథ చెప్పుకుంటారు. నిజమైనా కాకపోయినా, ఎదుటివాడి భవనం తన భవనాన్ని మించుతుందేమోనన్న రాజు జంకు అందులో చక్కగా పట్టుబడింది.

అయితే ఆ ఠీవి వెనుక ఇంకొక ఇల్లు ఉండేది. కిర్క్‌పాట్రిక్ పెళ్ళాడిన ఖైరున్నీసా బేగం పరదాలో పెరిగిన మనిషి. ఆమె కోసం అదే ఆవరణలో, లోపలికి తిరిగిన రంగ్ మహల్‌ను దేశీ పద్ధతిలో కట్టించవలసి వచ్చింది. ఊరికి చూపించడానికి ఒక రూపం, కాపురం ఉండడానికి ఇంకొకటి! ఆ తరువాత 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీదికి రావడంతో చుట్టూ గోడలు, బురుజులు బలపడ్డాయి; అందరికీ కనిపించాలని కట్టిన భవనం చివరికి ప్రహరీ చాటుకు చేరింది.

చౌమహల్లాకు ఆ చాటు మొదటి నుంచే ఉంది. వీధిలో నిలబడినవాడికి గోడ, గడియారమున్న ద్వారం తప్ప ఏమీ తెలియదు. లోపల ప్రాంగణం, నడుమ నీటి తొట్టి, చివర దర్బారు మందిరం. దాని వెనుక దక్షిణ ప్రాంగణంలో అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ళు. దర్బారు జరిగే మందిరానికే ఏకాంతమన్న అర్థమిచ్చే ఖిల్వత్ అన్న పేరుండడం గమనించదగినది. ఇక్కడ హోదా ఎత్తుతో కాక లోతుతో కొలవబడుతుంది: ఎవరిని ఏ గుమ్మం దాకా రానిచ్చారన్నదే వారి స్థానం. దక్షిణ ప్రాంగణంలోని మహళ్ళు ఐరోపా పోకడలను మొహమాటం లేకుండా తెచ్చుకున్నాయి గాని, వాటిని వీధికి కాక ప్రాంగణానికే చూపించాయి.

ఇక ఏది మేలు? వాడుకకు వస్తే చరిత్ర రెసిడెన్సీ వైపు మొగ్గుతుంది. 1949లో మహిళా కళాశాల అక్కడికి చేరింది, ఎన్నో తరాల అమ్మాయిలు ఆ ఆవరణలో చదువుకున్నారు. చౌమహల్లా ప్రదర్శనశాలగానే మిగిలింది. కానీ కళాశాలను నడిపింది ఆ విశాలమైన ఆవరణ గాని, స్తంభాల వరుస కాదు. రాయబారులను అబ్బురపరచడానికి కట్టిన మెట్లు, దర్బారు హాలు పాఠం చెప్పడానికి ఏమంత అక్కరకు వస్తాయి?

ఈ నగరంలో రేపు ఒక కళాశాల గాని, నలుగురు కలిసి ఉండే ఇళ్ళు గాని కట్టేవారు నన్నడిగితే చౌమహల్లా పద్ధతినే చెబుతాను. మే నెల ఎండకు నడిమి ప్రాంగణం, దాని చుట్టూ నీడనిచ్చే వరండాలు చేసే మేలు వీధి వైపు నిలిపిన స్తంభాలు చేయలేవు. మన మండువా లోగిళ్ళు కట్టినవారికీ ఈ సంగతి తెలుసు. ఒక్క షరతు మాత్రం పెడతాను. ప్రాంగణం తరువాత ప్రాంగణం పేర్చుకుంటూ పోయిన ఆ అమరిక మనుషులను గుమ్మాల దగ్గర వేరుచేయడానికీ, స్త్రీలను అన్నింటికన్నా లోపల ఉంచడానికీ పనికొచ్చింది కనుక, కొత్త కట్టడంలో ఒకే ప్రాంగణం ఉండాలి, దానికి వీధి నుంచి తిన్నగా దారి ఉండాలి.