సికింద్రాబాద్‌లో ఏఏ సమావేశాలు: ఆరేళ్ల హాజరు తర్వాత నా సమీక్ష

ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుగా నిలిచే, అందరూ ఏఏ అని పిలిచే సంఘం సమావేశానికి నేను మొదటిసారి 2019 జులైలో వెళ్లాను. అప్పటి నుంచి జంటనగరాల్లో నాలుగు గ్రూపుల్లో కూర్చున్నాను. మధ్యలో ఒకసారి మళ్లీ తాగుడులో పడ్డాను. 2020 ఆగస్టు నుంచి చుక్క ముట్టలేదు.

ముందుగా చిరునామా సంగతి. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో జాబితాను నమ్మి మొదటి సాయంత్రం నేను వెళ్లిన బడిలో మీటింగ్ ఎప్పుడో ఆగిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాట నాకు దేవుడిచ్చిన అనుమతిలా వినిపించి, అటు నుంచి అటే వైన్స్‌కు నడిచాను. అందుకే, ఏఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఈ వారం, ఈ రోజు, ఎన్ని గంటలకో అడిగి తెలుసుకున్నాకే బయలుదేరమంటాను. నేను ఫోన్ చేసినప్పుడు ఎత్తినాయన తానూ ఒకప్పుడు తాగినవాడేనని చెప్పి, మర్నాడు బస్టాపు దాకా వచ్చి నన్ను తీసుకువెళ్లారు. ఆ గది చర్చి ఆవరణలో ఉండటం చూసి మతం మారుస్తారేమోనని మా అమ్మ నెల రోజులు బెంగపెట్టుకుంది. తక్కువ అద్దెకు గది దొరకడమే అందుకు కారణమని, గ్రూపుకూ ఆ చర్చికీ వేరే సంబంధం లేదని ఆవిడకు నచ్చజెప్పడం తాగుడు మానడమంత కష్టమైంది.

అయితే ఆ మొదటి గ్రూపులో అంతా ఇంగ్లిష్. ఆఫీసులో ఇంగ్లిష్‌తోనే నెట్టుకొచ్చేవాడిని కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు ఇంటర్వ్యూలో చెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా, నా సమస్యను వివరించాను. మూడు నెలలు అలాగే వివరిస్తూ, వారానికి రెండుసార్లు తాగుతూ గడిపాను. ఆ తర్వాత ఒక తెలుగు గ్రూపుకు వెళ్లాను. అక్కడ నాకంటే ముందు మాట్లాడిన ఆటో డ్రైవరు, కూతురి ఫీజు డబ్బు తాగేసి, జేబు కొట్టేశారని ఇంట్లో ఏడ్చి నమ్మించానన్నాడు. నా వంతు వచ్చేసరికి, అమ్మ ఆపరేషన్ అని చెప్పి పీఎఫ్ లోన్ తీసిన సంగతి నా నోటి నుంచి వచ్చేసింది. ఆ అబద్ధాన్ని ఇంగ్లిష్‌లో చెప్పుకోవడానికి నాకు మాటలు లేక కాదు, ఆ మాటలు నన్ను తాకేవి కావు. ఇది అందరికీ వర్తిస్తుందో లేదో గానీ, గ్రూపును ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గరా దూరమా అన్నదానికంటే, మీరు ఇంట్లో ఏ భాషలో అబద్ధాలు చెప్పారో ఆ భాషలో నడిచేదేనా అని చూసుకోండి.

సమావేశం గంట, గంటన్నర సాగుతుంది. హాజరు పట్టీ ఉండదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. ఒకరు చెబుతుంటే మరొకరు అడ్డు తగలరు, సలహాలివ్వరు. 1935లో అమెరికాలోని అక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఒకరి గోడు ఒకరు వినడంతో మొదలైన పద్ధతి ఇది. తాగుడు నుంచి బయటపడేందుకు ఏఏ చూపే దారి అయిన పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన పదేపదే వస్తుంది. ఎవరికి అర్థమైన దేవుడు వారికే అన్న వెసులుబాటు ఉన్నా, మనకంటే గొప్ప శక్తి ఒకటి మనల్ని బాగుచేయగలదని నమ్మాలనే రెండో మెట్టు నాస్తికుడినైన నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ గదిలో కూర్చున్న పదిహేను మందీ కలిసి నాకంటే గట్టివాళ్లన్నంత వరకే ఒప్పుకున్నాను. నా స్పాన్సర్, అంటే మెట్లు ఎక్కేటప్పుడు నాకు దారి చూపే పాత సభ్యుడు, అది చాలన్నారు.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పి తీరాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మీటింగ్ వైద్యం కాదు. ముందు డాక్టరును కలవండి.

కరోనా లాక్‌డౌన్‌లో సమావేశాలు జూమ్‌కు మారాయి. 2020 మే 6న తెలంగాణలో వైన్ షాపులు తిరిగి తెరుచుకున్నాక, కెమెరా ఆపేసి గ్లాసు పక్కన పెట్టుకుని మీటింగ్ విన్నవాడిని నేనే. ఊళ్లు తిరిగేవారికీ, చుట్టుపక్కల తెలుగు గ్రూపు లేని పరదేశంలో ఉన్నవారికీ ఆన్‌లైన్ మేలే. కొత్తవారికి మాత్రం పక్క కుర్చీలోని మనిషికి మీ నోటి వాసన తెలిసే గదే మంచిదంటాను.

లోపాలూ ఉన్నాయి. నేను చూసిన నాలుగు గ్రూపుల్లోనూ మహిళలు ఇద్దరు ముగ్గురికి మించలేదు. మగవాళ్ల మధ్య ఒక్కతే కూర్చుని చెప్పుకోవడం ఎంత కష్టమో వారిలో ఒకరు చెబితే గానీ నాకు తట్టలేదు. ఒక గ్రూపులో ఇద్దరు పాతకాపులే ముప్పావుగంట మాట్లాడేవారు, అది నేను మానేశాను. నా భార్య కుటుంబసభ్యుల కోసం నడిచే అల్-అనాన్‌కు విడిగా వెళ్తుంది, అక్కడేం మాట్లాడుకుంటారో నాకు చెప్పదు.

ఖర్చంటారా, రుసుము లేదు. బయటివారి నుంచి విరాళం తీసుకోరాదన్నది వారి నియమం కనుక, గది అద్దెకూ టీకీ సభ్యులే చివర్లో తిరిగే డబ్బాలో తోచినంత వేస్తారు. మొదటి ఆరు వారాలు నేనేమీ వేయలేదు, ఎవరూ అడగలేదు. టీ మాత్రం ప్రతిసారీ రెండు కప్పులు తాగాను.