గుడ్డ డైపర్లు: విశాఖ ఉక్కపోతలో తొమ్మిది నెలలు వాడాక

మా పాపకి మొన్ననే ఏడాది నిండింది. 14 పాకెట్ డైపర్లు, 28 ఇన్సర్టులు కొని 13 నెలలైంది. కొనేముందు నాకు దొరికిన సమీక్షలన్నీ పది పదిహేను రోజులు వాడి రాసినవే. పది రోజులు ఏ గుడ్డైనా బాగానే ఉంటుంది. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక వాటి గతి ఏమిటో చెప్పినవాళ్లు లేరు. అందుకే కాస్త పొడుగైనా అన్నీ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేవి ఈ రకం డైపర్లన్నిటికీ వర్తిస్తాయి.

తెలియనివాళ్ల కోసం: పైన నీళ్లు దిగని పొర, లోపల ఒంటికి తగిలే మెత్తని పొర, రెండింటి మధ్య సంచిలాంటి ఖాళీ. అందులో పీల్చే గుడ్డ దూర్చాలి, దాన్నే ఇన్సర్టు అంటున్నారు. ముందువైపు వరసగా టిచ్ బటన్లు ఉంటాయి, పిల్ల పెరిగేకొద్దీ ఒక్కో వరస వదులు చేసుకోవాలి. మాకు వచ్చినవి మైక్రోఫైబర్ ఇన్సర్టులు, అంటే సన్నని సింథటిక్ దారాలతో చేసిన గుడ్డ. ఒక్కో డైపరు రెండు ఇన్సర్టులతో కలిపి 450, మొత్తం 6,300 రూపాయలు.

ముందుగా చెప్పాల్సింది, పుట్టిన వెంటనే ఇవి పనికిరావు. పెట్టె మీద 5 నుంచి 17 కిలోలని ఉంది, మా పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు. ఎంత బిగించినా తొడల దగ్గర నా వేలు దూరేంత సందు, పాసు పోస్తే మొత్తం పక్క మీదే. దాదాపు మూడు నెలలు అవి బీరువాలోనే ఉన్నాయి. ఆ మూడు నెలలూ నేను అనకాపల్లిలో పుట్టింట్లో ఉన్నాను. 21వ రోజు బారసాలకి వచ్చినప్పుడు అత్తయ్య ఒక గుడ్డసంచి నా చేతికిచ్చింది. విప్పి చూస్తే మావయ్య కట్టి కట్టి మెత్తబడిన పొందూరు ఖద్దరు పంచెలు, చతురస్రాలుగా కత్తిరించి, అంచులు చేత్తో కుట్టినవి, 40 ఉన్నాయి. పొందూరు వాళ్లవైపు ఊరే. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి వడికే సన్న నూలు అది. పదేళ్లు ఉతికిన ఆ గుడ్డ చెంపకి ఆనిస్తే తెలుస్తుంది, ఏ షాపులోనూ అంత మెత్తనిది నాకు దొరకలేదు. త్రికోణంగా మడిచి గోచీ పెట్టడం అమ్మ నేర్పింది. రోజుకి 20 దాకా తడిసేవి. ఒక్క పొరే కాబట్టి గంటా గంటన్నరలో ఆరిపోయేవి. ఈ ఆరడం అన్న మాట గుర్తుపెట్టుకోండి, అసలు కథంతా దాని చుట్టూనే.

అక్టోబరులో విశాఖ వచ్చేశాం. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, చిన్న బాల్కనీ. అప్పటికి పాపకి డైపర్లు సరిపోయాయి, ఉత్సాహంగా మొదలుపెట్టాను. రెండో వారంలో వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు ఒకటే ముసురు. మైక్రోఫైబర్ ఇన్సర్టు మూడు నాలుగు పొరలు కలిపి కుట్టి ఉంటుంది, పైకి ఆరినట్టే ఉండి మధ్యలో తడి. హాల్లో ఫ్యాన్ కింద తాళ్లు కట్టి ఆరేశాం, ఒక్కోటి ఆరడానికి రోజున్నర పట్టింది. మూడో రాత్రి కరెంటు పోయింది. టార్చి వెలుగులో ఒక్కో ఇన్సర్టూ నొక్కి చూస్తుంటే అన్నీ చల్లగా తగిలాయి, ముక్కిన వాసన. 28 ఇన్సర్టులుండి కూడా పిల్లకి వేయడానికి పొడి గుడ్డ లేదు.

అప్పుడు అత్తయ్య ఆ పొందూరు గుడ్డలు రెండు తీసి, పొడుగ్గా మడతలు పెట్టి, డైపరు సంచిలో దూర్చింది. సరిపోయింది. అది పీల్చింది, బయటికి కారలేదు. ఉతికాక విప్పి పరిస్తే మళ్లీ ఒక్క పొర, వానలో కూడా ఫ్యాన్ కింద మూడు గంటల్లో ఆరింది. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ముసురు పట్టిందంటే పగలు లోపలికి ఖద్దరే. సముద్రం పక్కన ఉండేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఇదే. పైన వాడే డైపరు కొనుక్కోండి, లోపలికి మాత్రం మడిచి విప్పగలిగే పలచటి నూలు గుడ్డలు సిద్ధం చేసుకోండి. పొందూరువే అక్కర్లేదు, పాత పంచె ఏదైనా చాలు. ఒక్క జాగ్రత్త: మైక్రోఫైబర్‌ని నేరుగా పిల్ల ఒంటికి తగలనివ్వద్దు, చర్మంలో తేమంతా లాగేస్తుంది. నూలుకి ఆ భయం లేదు.

తర్వాత వచ్చిన చిక్కు నీళ్లతో. మా అపార్ట్‌మెంట్‌లో వాడుకకి బోరు నీళ్లు. సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి పొడి కడుతుంది. నవంబరు చివరికి ఇన్సర్టులు అట్టముక్కల్లా బిరుసెక్కాయి. నురగ రావట్లేదని నేను సబ్బుపొడి ఇంకా ఎక్కువ వేశాను. అది గుడ్డలోనే ఉండిపోయింది. పొద్దున్నే రాత్రి డైపరు విప్పితే కళ్లు మండేంత ఘాటు. ఒకరోజు పాప తొడల లోపల ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే ఏడ్చేలా కందిపోయింది. నా చేతులతో నేనే వేసిన గుడ్డ దాన్ని అలా చేసిందంటే ఆ రోజంతా నాకు అన్నం దిగలేదు. పిల్లల డాక్టరు గారు జింకు క్రీము రాశారు, రోజూ కొంతసేపు ఏమీ వేయకుండా గాలి తగలనివ్వమన్నారు, సబ్బుపొడి తగ్గించి ఎక్కువసార్లు జాడించమన్నారు. నాలుగు రోజుల్లో తగ్గింది. క్రీము రాసినప్పుడు మధ్యలో ఒక పాత గుడ్డముక్క వేయాలని తర్వాత తెలిసింది. క్రీము అంటుకుంటే డైపరు పీల్చడం మానేస్తుంది.

ఇప్పుడు మా పద్ధతి ఇది. దొడ్డికి వెళ్తే వెంటనే కమోడ్లో దులిపి కడిగేస్తాం. రెండు రోజులకోసారి మెషీన్లో చెంచాడు సబ్బుపొడితో తిప్పుతాం. ఆఖరి జాడింపు మాత్రం పొద్దున్న గంటసేపు వచ్చే మున్సిపల్ కుళాయి నీళ్లతో, బకెట్లో. మెత్తదనానికి వేసే వాసన ద్రావకాలు అసలు వద్దు, అవీ పీల్చే గుణాన్ని చంపేస్తాయి. మరకలకి ఎండే మందు. పాలు తాగే పిల్లల పసుపు మరకలు ఏ సబ్బుకీ వదలనివి మేడ మీద రెండు గంటల ఎండకి కనబడకుండా పోయాయి.

ఎవరు ఉతుకుతారన్నది ఏ సమీక్షలోనూ రాయలేదు. విశాఖ వచ్చాక మొదటి రెండు వారాలు నేనే ఉతికాను. రాత్రి మూడు సార్లు లేచి పాలిచ్చి, పొద్దున్నే వంగి బకెట్ ముందు కూర్చుంటే నడుం లాగేసేది. బాలింత నడుం అది. ఒక రోజు పొద్దున్న బాత్రూంలో బకెట్ ముందు కూర్చుని ఏడ్చేశాను, లోపల పాప కూడా ఏడుస్తోంది. మా ఆయన వచ్చి నా చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుని, "నువ్వు దాని దగ్గరికెళ్లు, ఇవి నేను చూసుకుంటాను" అన్నాడు. చూసుకుంటాను అన్నది ఆ ఒక్కరోజుకి కాదని వారం తర్వాత నాకు అర్థమైంది. కుళాయి వచ్చే వేళకి లేవడం, జాడించడం, మేడెక్కి ఆరేయడం ఆ రోజు నుంచీ అతనిదే. ఊరెళ్లిన రోజుల్లో తప్ప ఇప్పటిదాకా మానలేదు. ఇంట్లో ఈ పనికి ఒక మనిషి మాటివ్వకపోతే ఈ డైపర్లు కొనొద్దు. బాలింత మీదే పడేటట్టయితే కొన్నాళ్లు వాడి పారేసే దుకాణం డైపర్లే వాడండి, అందులో తప్పేమీ లేదు.

26 వారాల సెలవు అయిపోయి జనవరిలో నేను ఆఫీసుకి వెళ్లాను. పగలంతా అత్తయ్య చేతిలోనే. ఆవిడకి వేళ్ల కీళ్లు నొప్పులు, టిచ్ బటన్ నొక్కాలంటే బొటనవేలు సలుపుతుంది. మా ఆయన రాత్రే పొడవు సరిచేసే బటన్లు పెట్టేసి, ఇన్సర్టులు దూర్చి, ఎనిమిది డైపర్లు దొంతరగా పెట్టేవాడు. నడుం దగ్గర రెండు బటన్లే మిగిలేవి. ఏ బటన్ దాకా బిగించాలో తెలియడానికి ఆవిడే అక్కడ ఎర్రదారంతో చిన్న ముడి వేసుకుంది. పెద్దవాళ్లు చూసుకునే ఇల్లయితే బటన్లు చేతికి ఎలా ఉన్నాయో ఒకటి తెప్పించి చూశాకే మిగతావి కొనండి.

ప్రయాణానికి మాత్రం ఇవి నచ్చలేదు. ఆరో నెల నిండాక సింహాచలంలో అన్నప్రాశన చేశాం. క్యూలో రెండున్నర గంటలు పట్టింది, మార్చడానికి చోటు లేదు, పట్టు పరికిణీ తడిసి నా చీర కూడా తడిసింది. అప్పన్న దర్శనం తడి చీరతోనే అయ్యింది. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా దుకాణం డైపరే. రాత్రిళ్లు వానాకాలంలో అదే వాడాం, మిగతా రోజుల్లో ఇన్సర్టుతోపాటు రెండు ఖద్దరు గుడ్డలు కలిపి వేస్తే తెల్లారేదాకా ఆగేది. ఏప్రిల్, మే ఉక్కపోతలో అయితే పగలు సగంసేపు ఏదీ వేయలేదు, నేల మీద పాకనిచ్చి వెనకాలే గుడ్డతో తుడుచుకుంటూ తిరిగాం. ఆ రెండు నెలల్లో ఒక్క చెమటకాయ లేదు.

డబ్బు లెక్క. దుకాణం డైపరు ఒకటి 11 రూపాయలు, రోజుకి ఆరు అనుకుంటే నెలకి దాదాపు 2,000. మేం ప్రయాణాలకీ వాన రాత్రులకీ నెలకి సుమారు 30 వాడాం. నాలుగు నెలల్లో పెట్టిన డబ్బు తిరిగొచ్చేసింది. చెత్త సంగతి నాకు ఇంకా ముఖ్యం. అనకాపల్లిలో ఒక వారం జ్వరంగా ఉండి అన్నీ దుకాణం డైపర్లే వేస్తే, చెత్తబండి అమ్మాయి ఆ సంచి ఎత్తలేక రెండు చేతులతో పట్టుకోవడం కిటికీలోంచి చూశాను. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలి. చాలామంది తడిచెత్తలో కలిపేస్తారు, వేరుచేసేది ఆ అమ్మాయిలాంటి వాళ్ల చేతులే. మీరు దుకాణంవే వాడినా లోపలిది కమోడ్లో దులిపి, కాగితంలో చుట్టి, విడిగా ఇవ్వండి.

ఏడాదయ్యాక పరిస్థితి: 14లో పది బాగున్నాయి. రెండింటికి తొడల దగ్గర ఎలాస్టిక్ వదులైంది, దర్జీ కొత్తది వేస్తానన్నాడు. మరో రెండింటిలో నీళ్లు ఆపే పొర పొట్టులా లేచిపోయింది, అది నా పొరపాటే, వానల్లో తొందరపడి వాటి మీద ఇస్త్రీపెట్టె పెట్టాను. ఆ పొరకి వేడి పడదు, నీడలో ఆరేయాలి. ఎండలో వేయాల్సింది ఇన్సర్టులే. బటన్లలో ఒక్కటి కూడా ఊడలేదు. ఇంకో సంగతి, తాడుకి ఇనుప క్లిప్పులు వాడకండి. ఈ ఉప్పుగాలికి నెలలోనే తుప్పు పట్టి గుడ్డల మీద గోధుమరంగు మరకలు చేశాయి, అవి ఎండకీ పోలేదు. ప్లాస్టిక్‌వి వాడండి.

మొత్తం మీద ఐదుకి నాలుగు ఇస్తాను. కంపెనీ ఇన్సర్టులకి మాత్రం రెండు.

మా ఆడపడుచుకి మార్గశిరంలో పురుడు. బాగున్న పదీ ఉతికి ఆరేసి సంచిలో సర్దాం. పొందూరు గుడ్డలు ఇంకా ఇరవైదాకా మిగిలాయి, వాటిని అత్తయ్య వేడినీళ్లలో ఉడికించి మేడ మీద ఆరేసి తెచ్చింది. సంచిలో అన్నిటికన్నా పైన మా ఆయన ఒక కాగితం పెట్టాడు, ఉతికే పద్ధతి వరసగా రాసి. దాని మీద చెల్లెలి పేరు లేదు, వాళ్లాయన పేరు ఉంది.