గ్రాన్‌విల్ తోట, గ్రాస్ పూలు: డియోర్ పరిమళాల వెంట ఒక కడప కుటుంబం

కడపలో పెళ్లి దుస్తులు కుట్టించే మా దుకాణానికి వచ్చే ఆడపిల్లలు కొన్నేళ్లుగా చీర, రవికలతో పాటు ఏ సెంటు వాడితే బాగుంటుందని కూడా అడుగుతున్నారు. వాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేరు డియోర్, క్రిస్టియన్ డియోర్ అనే ఫ్రెంచి దుస్తుల రూపకర్త పెట్టిన సంస్థ. బట్టలు కుట్టించిన మనిషి పరిమళాల వైపు ఎందుకు వెళ్లాడో, ఆ సంస్థ చెప్పుకునే వారసత్వంలో నిజమెంతో స్వయంగా చూడాలన్న కోరిక నాకు అప్పుడే పుట్టింది. మా అమ్మాయి ప్యారిస్‌లో ఉద్యోగం చేస్తున్నందువల్ల మే నెలలో నేనూ మావారూ బయలుదేరగలిగాము. వీసాకు వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్ వెళ్లవలసి వచ్చింది కానీ, విమానానికి కడప వాళ్లకు బెంగళూరే వీలు.

ప్యారిస్‌లో మొదట చూసినది మోంటేన్ అవెన్యూ 30వ నంబరు భవనంలో 2022లో తెరిచిన డియోర్ ప్రదర్శనశాల. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో సమయంతో సహా తీసుకోవాలి. సిబ్బంది మర్యాదగా, ఓపికగా మాట్లాడారు. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ తన తొలి దుస్తులను చూపించింది ఈ భవనంలోనే. సన్నని నడుము, దాని కింద పూరేకుల్లా విచ్చుకున్న పావడాలతో స్త్రీని పువ్వులా చూపాలన్నది ఆయన ఆలోచన. ఆ రోజు హాలంతా మిస్ డియోర్ అనే తన పరిమళాన్ని చల్లించాడట. దుస్తులను, వాసనను వేర్వేరుగా కాక ఒకే అలంకారంగా చూసిన ఆ దృష్టి నాకు ఎంతో గొప్పగా అనిపించింది. అయితే కుట్టుపని చూడాలనుకునే వాళ్లకు ఈ శాల పండగే తప్ప, పరిమళం గురించి తెలుసుకోవాలంటే ఇది చాలదు.

అసలు సంగతి గ్రాన్‌విల్‌లో ఉంది. ప్యారిస్ నుంచి రైలులో సుమారు మూడు గంటలు ప్రయాణిస్తే నార్మండీ తీరాన ఆ ఊరు వస్తుంది. డియోర్ 1905లో పుట్టినది అక్కడే. తండ్రిది ఎరువుల వ్యాపారం; తల్లి మడ్లెన్ సముద్రపు గాలికి ఎదురుగా, కొండ అంచున తోట పెంచింది. కుటుంబం ఆస్తి పోగొట్టుకున్నాక ఆ ఇల్లు 1938లో ఊరి పరమైంది, 1997 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. గులాబీ రంగు గోడలు, బూడిద రంగు కంకర దారి చూస్తే, తర్వాత ఆయన దుస్తులలో పదే పదే కనిపించిన రెండు రంగులు ఎక్కడివో ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది. మ్యూజియానికి టికెట్టు ఉంది, తోటకు లేదు. తోటలో గులాబీ పందిళ్ల కింద నిలబడితే ఉప్పుగాలి, తడిమట్టి, పూలు కలిసిన వాసన వస్తుంది. ఆయన పరిమళాలకు తొలి పాఠం ఇదేనని నేను మనసారా నమ్ముతున్నాను. స్టేషన్ దగ్గర మేము దిగిన చిన్న హోటలు శుభ్రంగా ఉంది. శాకాహారులకు అక్కడ ఇబ్బంది లేదు. బక్‌వీట్ అనే గింజల ముదురు రంగు పిండితో వేసే పలుచని అట్టులో చీజు, కూరగాయలు పెట్టి ఇస్తారు.

దక్షిణ ఫ్రాన్స్‌లో పరిమళాలకు పేరుపడ్డ గ్రాస్ ఊళ్లో మాత్రం బస విషయంలో కష్టపడ్డాము. పాతపట్టణంలో తీసుకున్న గదికి లిఫ్టు ఉందని రాశారు కానీ లేదు. రైల్వే స్టేషన్ దిగువన, ఊరు ఎగువన ఉన్నందువల్ల పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కి చేరితే, యజమాని ఫోను ఎత్తడానికి చాలాసేపు పట్టింది. అరవై దాటిన వాళ్లు దగ్గరలోని నీస్ నగరంలో దిగి రైలులో వచ్చిపోవడం మేలు. అక్కడ శెనగపిండితో కాల్చే సొక్కా అనే అట్టు మన రాయలసీమ నాలుకకు వెంటనే నచ్చుతుంది.

బస ఎలా ఉన్నా గ్రాస్‌ను వదులుకోకూడదు. ఒకప్పుడు తోళ్లు పదును చేసిన ఊరు ఇది. చేతితొడుగుల తోలు కంపు పోగొట్టడానికి పూలవాసన పట్టించడంతో మొదలైన పని పరిమళాల పరిశ్రమగా ఎదిగింది. ఈ విద్యను 2018లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పరిమళాల మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది ఒక చెక్కచట్రం. దానిలో గాజుపలక, పలక మీద పలుచగా పూసిన కొవ్వు, కొవ్వు మీద బోర్లించిన మల్లెజాతి పూలు. పాతపూలు తీసి కొత్తపూలు పెడుతూ పోతే చివరికి కొవ్వే పూలవాసన పట్టుకుంటుంది. 1926లో మొదలైన ఫ్రగోనార్ కర్మాగారంలో పని తీరును ఉచితంగా చూపించారు. చివర అమ్మకాల గది ఉన్నా కొనమని ఎవరూ బలవంతం చేయలేదు.

గ్రాస్‌కు పడమరగా మోంటోరూ దగ్గర డియోర్ 1950లో కొన్న లా కోల్ నువార్ భవనాన్ని బయటి నుంచే చూడాలి, మామూలు యాత్రికులను లోపలికి పంపరు. సమీపంలోని కాలియన్‌లో ఆయన సమాధి ఉంది. ఆయన చెల్లెలు కత్రిన్, జర్మన్ల నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో తిరిగివచ్చిన ఆ ధీరురాలు, గులాబీలు పెంచినది కూడా ఆ ప్రాంతంలోనే. మిస్ డియోర్ అన్న పేరుకు ఆమే మూలమని చెబుతారు.

డియోర్‌కు మ్యూగే అనే చిన్న తెల్లపువ్వు శుభసూచకం. దాని రెమ్మను దుస్తుల అంచు మడతలో పెట్టి కుట్టించేవాడని విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఆ పువ్వు నుంచి నూనె రాదు. అందుకే పరిమళాల రూపకర్త ఎడ్మోన్ రూద్నిత్‌స్కా తన తోటలో ఆ పువ్వును పెంచి, పరిశీలించి, వేరే పదార్థాలతో దాని వాసనను కూర్చాడు. అదే 1956 నాటి డియోరిస్సిమో. వారసత్వం అంటే నాకు అర్థమైనది ఆ శ్రమే. అయితే కొనేవాళ్లు ఒకటి గమనించాలి. నేడు మిస్ డియోర్ పేరుతో అమ్మేది 1947 నాటి కూర్పు కాదు. 2005లో మిస్ డియోర్ షెరీగా వచ్చిన దానికే తర్వాత ఆ పేరు పెట్టారు. పేరు చూసి పాత పరిమళం అనుకోవడం సరికాదు.

సెంటు చల్లి తెచ్చిన కాగితపు పట్టీలను కడప పెద్ద దర్గా దగ్గర అత్తరు అమ్మే పెద్దాయనకు చూపించాను. ఆయన ఒక్కొక్కటి ముక్కుకు దూరంగా పట్టుకుని, ఆగి, మళ్లీ చూసి అన్నాడు: "ఇది స్పిరిట్‌తో చేసిందమ్మా, గబుక్కున లేస్తాది. మన అత్తరు గంధం నూనె మీద కూర్చుంటాది, మెల్లగా లేస్తాది."

"మరి మన ఎర్రచందనంతో ఎందుకు చేయరు భాయ్?" అని అడిగాను.

"దానికి వాసన యాడిదమ్మా, రంగే దాని సొత్తు. బయట నుంచి వచ్చినోళ్లంతా ఇదే అడుగుతారు."

రాగి పాత్రలలో పూలను మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ ఊరి పద్ధతిని ఆయన నాకు చేతులతో చూపిస్తూ వివరించాడు. గ్రాస్ మ్యూజియంలో చదివినంత శ్రద్ధగా విన్నాను. ఇప్పుడు మా దుకాణానికి వచ్చే పెళ్లికూతుళ్లకు ఇద్దరి పరిమళాలూ చూపిస్తున్నాను. అత్తరు పట్టు మీద నూనె మరక వేస్తుంది, స్ప్రే సెంటు జరీని నల్లబరచవచ్చు కాబట్టి, ఏది ఎంచుకున్నా చీర కట్టకముందే మణికట్టుకు, మెడకు రాసుకుని ఆరనిచ్చి, ఆ తర్వాతే చీర కట్టుకోమని చెబుతున్నాను.