నచ్చిన గొంతుకి నెలకు రెండొందలు: ఏ దారిన పంపితే మేలు?

మొన్న ఆదివారం ఒక జానపద గాయని వీడియో కింద "అమ్మా, మీ గొంతులో మా ఊరు వినిపించింది" అని రాసి, రెండు గుండె బొమ్మలు కూడా తగిలించి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఫోను పక్కన పెట్టాను. మా మేనల్లుడు చూశాడు. "మామయ్యా, నీ కామెంటుతో ఆవిడ పొయ్యి వెలుగుతుందా?" అన్నాడు. వాడు పాటల యాప్‌కి నెలనెలా చందా కట్టే రకం. "నీ చందాతో వెలుగుతుందేం?" అన్నాన్నేను. నిజం చెప్పాలంటే ఇద్దరికీ తెలీదు. అభిమానం పేరు మీద నెలకు రెండు వందలు ఖర్చుపెట్టగలిగితే, అది పాడినవాళ్లకు చేరే దారి ఏది? ఆ వారమంతా ఇంట్లో ఇదే గొడవ.

నా కాలంలో ఈ ప్రశ్నే లేదు. పదిహేను పైసల పోస్టుకార్డు మీద పాట పేరు, మన పేరు, ఊరి పేరు రాసి రేడియోలో వివిధభారతి వాళ్ల జనరంజని కార్యక్రమానికి పడేసేవాళ్లం. మూడు వారాలకో, నాలుగు వారాలకో పాటకు ముందు మన పేరు వినిపించేది. ఆ రోజు వీధిలో మనమే హీరో. పాడినాయనకి మనమెవరో తెలీదు, తెలియాలన్న ఆశా లేదు. క్యాసెట్ కొంటే డబ్బు కంపెనీకి పోయేది. గాయకుడు రికార్డింగ్ రోజునే తన పారితోషికం తీసుకుని వెళ్లిపోయి ఉండేవాడు. తర్వాత ఎంపీ3 సీడీలొచ్చాయి. ఫుట్‌పాత్ మీద ఒక్క సీడీలో వందకు పైగా పాటలు. నేనూ కొన్నాను, దాచుకోవడమెందుకు. అప్పుడే, 2000లో, అమెరికాలో మెటాలికా అనే రాక్ బృందం, జనం ఇంటర్నెట్‌లో పాటలు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్ మీద కోర్టుకెక్కి, తమ పాటలు పంచుకుంటున్న మూడు లక్షలకు పైగా వాడుకరుల జాబితాను పెట్టెల్లో మోసుకెళ్లి ఆ కంపెనీకే ఇచ్చింది. అభిమానుల పేర్లు కళాకారుల చేతికి చేరాయి. చేరిన తీరు మాత్రం అది!

దగ్గరితనం రుచి మనకు చూపించింది ఫేస్‌బుక్. 2017 మార్చిలో ఇళయరాజా తరఫు లాయరు నోటీసు వచ్చిందని, ఇకమీదట కచేరీల్లో ఆయన పాటలు పాడలేమని బాలసుబ్రహ్మణ్యం స్వయంగా రాశారు. అంతకుముందైతే అలాంటి సంగతి పత్రికలో ఎవరో రాస్తే చదివేవాళ్లం. ఈసారి ఆయన మాటల్లోనే, ఆయన పేజీలోనే. దాని కింద అభిమానులు రెండు జట్లుగా చీలి కొట్టుకుంటే, వివాదం చేయొద్దని మళ్లీ ఆయనే బతిమాలుకోవాల్సి వచ్చింది. 2020 ఆగస్టు 5న కరోనా సోకిందని వీడియోలో చెప్పిందీ ఆయనే: బాగానే ఉన్నాను, ఫోన్లు చేయకండి అని. ఆ కింద "త్వరగా రండి" అని రాసినవాళ్లలో నేనొకణ్ని. సెప్టెంబరు 25న పోయారు. కార్డు రాసిన రోజుల్లో ఆ మాట ఎక్కడ రాసుకునేవాణ్ని? కాబట్టి కామెంటుకి విలువ లేదంటే ఒప్పుకోను. అది డబ్బు విలువ కాదంటే మాత్రం ఒప్పుకుంటాను.

ఇక డబ్బు సంగతి. ముందు యూట్యూబులో ఉచితంగా చూడటం తీసుకుందాం. మామూలు వీడియో మధ్య వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం చానెల్ యజమానికి, మిగతాది యూట్యూబుకి. కీలకమంతా "చానెల్ యజమాని" అన్న మాటలోనే ఉంది. సినిమా పాటైతే చానెల్ ఆడియో కంపెనీది. కోటి సార్లు చూసినా, పది కోట్ల సార్లు చూసినా పాడిన మనిషికి ఆ రోజు ముట్టిన పారితోషికమే ప్రధానం. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో విడదీయలేని వాటా ఇచ్చారు, గాయకుల రాయల్టీ కోసం 2013లో ఇస్రా అనే సంఘమూ వచ్చింది. కానీ మనం ఒక పాటను పదోసారి నొక్కినప్పుడు ఆ నొక్కుడు గాయని ఇంటిదాకా వెళ్తుందని అనుకుంటే అమాయకత్వమే.

జానపద గీతాల్లో లెక్క వేరు, అదీ కొన్నిటికే. తెలంగాణలో ఇవాళ బతుకమ్మ పాటలూ పెళ్లి పాటలూ యూట్యూబు కోసమే తయారవుతున్నాయి. పాట ఎవరి చానెల్‌లో ఉందో చూడండి. గాయని సొంత చానెలైతే మీ చూపుకి నేరుగా విలువుంది. వేరే నిర్మాత చానెలైతే ఆవిడా సినిమా గాయనిలాగే ఒక్కసారి డబ్బు తీసుకుని ఉండొచ్చు. మేం చూస్తున్న వీడియో రెండో రకమని మేనల్లుడు చూపించాక నా గుండె బొమ్మలు కాస్త వెలవెలబోయాయి. అయితే ఆ చూపులకి ఇంకో ఫలితం ఉంటుంది, అది తీసిపారేయలేం. రాహుల్ సిప్లిగంజ్ సినిమా వాళ్ల పిలుపుల కోసం చూస్తూ కూర్చోకుండా సొంత పాటలు యూట్యూబులో పెట్టుకుంటూ పేరు తెచ్చుకున్నాడు. 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద నాటు నాటు పాడాడు. చూపులు నేరుగా కూడు పెట్టకపోయినా పిలుపులు తెస్తాయి.

మేనల్లుడి చందా కథ ఇంకా విచిత్రం. స్పాటిఫై లాంటి యాపుల్లో వాడి వంద రూపాయలు (లెక్క కోసం అంతే అనుకుందాం) వాడు విన్నవాళ్లకి పంచరు. అందరి డబ్బూ ఒకే కుప్ప పోసి, మొత్తం మీద ఎవరి పాట ఎన్నిసార్లు మోగిందో ఆ దామాషాలో పాట హక్కుదారులకిస్తారు. వాడు నెలంతా ఒక్క గాయని పాటే విన్నా, వాడి డబ్బులో పెద్ద భాగం వాడు జన్మలో వినని హిట్టు పాటలకి పోతుంది. హుండీలో వేసిన నోటు మీద పేరుండదు కదా, అలాగ. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు మోగని పాటకి పైసా రాదు. సౌండ్‌క్లౌడ్ అనే ఇంకో పాటల యాప్ 2021లో ఎవరి డబ్బు వాళ్లు విన్నవారికే చేరే పద్ధతి మొదలుపెట్టింది. మా ఇంట్లో అది వాడేవాళ్లు లేరు. చందా చెడ్డదనను. ప్రకటనల పీడ ఉండదు, కారులో హాయి. ఆ హాయి మనది, దానికి అభిమానమని పేరు పెట్టుకోవద్దంటాను.

మూడోది నేరుగా ఇవ్వడం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1997లో మరిలియన్ అనే ఇంగ్లీషు రాక్ బృందానికి అమెరికా పర్యటనకి డబ్బు చాలకపోతే, అభిమానులే ఇంటర్నెట్‌లో కూడబలుక్కుని సుమారు 60 వేల డాలర్లు పోగేసి రప్పించుకున్నారు. తర్వాత 2001 ఆల్బమ్‌కి ఆ బృందమే తమ అభిమానుల్ని అడిగింది, ఇంకా రికార్డు కాని పాటలకి 12 వేల మందికి పైగా ముందే డబ్బు కట్టారు. ఆ దారే 2008లో వచ్చిన, కళాకారులు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో అంగడి అయింది; డిజిటల్ పాట అమ్మకంలో అది మామూలుగా 15 శాతమే ఉంచుకుంటుంది. అభిమానులు కళాకారులకి నెలనెలా డబ్బిచ్చే పేట్రియాన్ సైటుని 2013లో మొదలుపెట్టినవాళ్లలో ఒకరు స్వయంగా సంగీతకారుడు. లెక్క ప్రకారం వీటిని కొట్టేది లేదు. చిక్కల్లా మన గాయనులు అక్కడ దొరకడం అరుదు. మనకి దగ్గర్లో ఉన్నది ఒక చానెల్‌కి నెలనెలా కట్టే యూట్యూబు సభ్యత్వం, లైవ్‌లో డబ్బు కట్టి పంపే సందేశం సూపర్‌చాట్. వాటిలో 70 శాతం చానెల్‌కి.

సూపర్‌చాట్ చూస్తుంటే మాత్రం నాకు జనరంజని గుర్తొస్తుంది. గాయని పాట మధ్యలో ఆపి, "ఫలానా అన్న వంద పంపిండు, థాంక్స్ అన్నా" అంటుంది. అదే పేరు చదవడం. తేడా ఏమిటంటే రేడియోలో కార్డు రాసిన ప్రతివాడూ పదిహేను పైసలవాడే. ఇక్కడ వందవాడి పేరు ముందు, ఐదొందలవాడి పేరు ఇంకా ముందు, ఊరికే వింటున్నవాడు లెక్కలోనే లేడు. పేర్లు చదవడంలో పడి ఆవిడ చరణం మరిచిపోవడం కూడా చూశాను. అందుకే నేరుగా ఇచ్చే పద్ధతుల్లో నా ఓటు సభ్యత్వానికే. నెలకింతని పోతుంది, పాట మధ్యలో అడ్డం పడదు.

కచేరీ టికెట్టు మాటేమిటి? సినిమా గాయకులంటే ప్రాణం పెట్టేవాళ్లకి నా సలహా ఇదొక్కటే. పాట హక్కులు ఎవరివైనా, వేదిక మీద పాడినందుకు వచ్చే డబ్బు గాయకుడిది. అమెరికా తెలుగు సంఘాల సభలకి మనవాళ్లని పిలవడం ఎన్నో ఏళ్లుగా ఇందుకే వాళ్లకి లాభసాటి. కాకపోతే మన రెండొందల లెక్కకి అందేది కాదు. ఏడాది పాటు దాచుకోవాలి, ఊళ్లో ఉన్నవాళ్లు బస్సెక్కి నగరానికి రావాలి.

చివరికి మా ఇంట్లో తేలింది ఇంతే. మేనల్లుడు చందా ఆపలేదు, కారు ఉన్నంతకాలం ఆపడు కూడా. నేను ఆ జానపద గాయనికి సొంత చానెల్ ఉందేమో వెతికాను. ఉంది, డబ్బు కట్టే సభ్యులు నూట ముప్పై మంది కూడా లేరు. నెలకు 59 రూపాయలతో చేరాను. మిగిలింది కచేరీ డబ్బాలో వేస్తున్నాను. పోయిన శనివారం ఆవిడ లైవ్‌లో కొత్త సభ్యుల పేర్లు చదివింది. నా ఇంటిపేరు తప్పు పలికింది. జనరంజనివాళ్లూ తప్పే పలికేవాళ్లు.