శనివారం సాయంత్రం కంప్యూటర్ కట్టేసే ముందు: జీమెయిల్ షెడ్యూల్ సెండ్ ఎలా ఉంది?

విజయనగరంలో ఆడిటర్ ఆఫీసుల్లోనూ కొట్లలోనూ పనిచేసే చాలామందికి వీకెండ్ అంటే ఆదివారం ఒక్కటే. బ్యాంకుల వాళ్లకి 2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు, మనకి ఆ భాగ్యం కూడా లేదు. ఉన్న ఆ ఒక్కరోజూ ఫోన్ గొడవ లేకుండా గడవాలంటే శనివారం సాయంత్రం పని ఎలా ముగించామన్నది చాలా ముఖ్యం. ఇందుకు నాకు బాగా పనికొచ్చింది డబ్బు కట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు, జీమెయిల్‌లో 2019 ఏప్రిల్ నుంచి ఉన్న షెడ్యూల్ సెండ్, అంటే ఇప్పుడు రాసిన మెయిల్‌ని మనం పెట్టిన టైముకి దానంతట అదే పంపే బటన్. రోజూ జీమెయిల్ వాడేవాళ్లలో కూడా దీన్ని ముట్టుకోని వాళ్లు నాకు చాలామంది తెలుసు.

మెయిల్ రాశాక, కంప్యూటర్‌లో అయితే సెండ్ బటన్ పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కాలి. ఫోన్‌లో అయితే పైన కుడివైపు మూడు చుక్కల వెనక దాక్కుని ఉంటుంది (అక్కడెందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి). తేదీ, టైము పెట్టేస్తే సరి. ఆ తర్వాత మన కంప్యూటర్ ఆపేసినా, కరెంట్ పోయినా, ఫోన్‌లో నెట్ లేకపోయినా మెయిల్ వెళ్లిపోతుంది, ఎందుకంటే పంపేది గూగుల్ సర్వరు. ఒకేసారి 100 మెయిళ్ల దాకా పెట్టుకోవచ్చట, మా ఆఫీసుకి అన్ని అక్కర్లేదు.

ఇంతకీ ఇందులో గొప్పేంటంటే, శనివారం రాత్రి ఏడింటికి మెయిల్ పంపామంటే మనమింకా సీట్లోనే ఉన్నామని అవతలి వాళ్లకి మనమే చెప్పినట్టు. పలాస జీడిపప్పు వ్యాపారికో, రాజాం బట్టల కొట్టాయనకో బిల్లుల్లో తేడా వచ్చిందని ఆ టైములో రాయండి, తొమ్మిదయ్యేసరికి ఫోన్ వస్తుంది, "ఏటి సార్, ఎక్కడ తేడా వచ్చిందంటారు?" అని. ఆయన తప్పేం లేదు, డబ్బుల విషయం కదా, అడగడా మరి. పోనీ సోమవారం రాద్దాంలే అని వదిలేస్తే ఇంకో రకం టెన్షన్, ఆదివారం మధ్యాహ్నం మటన్ కూర ముందు కూర్చున్నా ఏ ఇన్వాయిస్ నంబరు దగ్గర తేడా వచ్చిందో మర్చిపోకూడదని బుర్రలో అదే తిరుగుతుంటుంది. షెడ్యూల్ చేసేస్తే విషయం నా బుర్రలోంచి పోతుంది, ఆయన ఫోన్‌కి మాత్రం ఇంకా చేరదు. ఈ రెండూ కలిసి జరగడమే నాకు కావలసింది. కోపంలో రాసిన మెయిళ్లకి కూడా ఇది మంచిదే, ఆదివారం చల్లబడ్డాక క్యాన్సిల్ కొడితే మళ్లీ డ్రాఫ్ట్ అయిపోతుంది.

ఐదుకి నాలుగు స్టార్లిస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, మధ్యలో అవతలి వాళ్ల నుంచి జవాబు వచ్చేసినా ఇది ఆగదు, ఒకసారి అడగను కూడా అడగదు, మనం పెట్టిన మెయిల్‌ని పెట్టినట్టు పంపేస్తుంది. వాళ్లు ఆదివారమే ఆ కాగితాలు పంపేసి ఉంటే, సోమవారం మళ్లీ "కాగితాలు పంపండి" అని మన మెయిల్ వెళ్తుంది. చూసేవాళ్లకి మనం మెయిళ్లు చదవమనే అనిపిస్తుంది కదా.

ఇంకోటి గడువు తేదీలు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చేది) గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-3బీ (లెక్క తేల్చి పన్ను కట్టేది) గడువు 20. ఆ తేదీ సోమవారం పడిన వారం ఈ బటన్ జోలికి పోవద్దు. సోమవారం పొద్దున్న వెళ్లిన మెయిల్ ఆయన ఎప్పుడు చూడాలి, డబ్బు ఎప్పుడు సర్దుకోవాలి, చలానా ఎప్పుడు కట్టాలి? 3బీ ఒక్కరోజు దాటినా పన్ను ఉన్నవాళ్లకి లేట్ ఫీజు రోజుకి 50 రూపాయలు, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ వేరే. అలాంటప్పుడు శుక్రవారమే ఫోన్ చేసి చెప్పేయడం మేలు.

వాట్సాప్ సంగతి వేరు. మెయిల్ తెరిచే అలవాటు లేని క్లయింట్లు మా వైపు బోలెడంతమంది, బిల్లులు ఫొటో తీసి వాట్సాప్‌లో పడేస్తారు. అక్కడ నేను చేసేది ఆఫీసు గ్రూపులన్నీ ఆర్కైవ్‌లోకి, అంటే మామూలు లిస్టులో కనపడకుండా పక్కన పెట్టే చోటికి, తోసేయడమే. చాట్స్ సెట్టింగ్స్‌లో ఆర్కైవ్ చేసినవి అక్కడే ఉంచమనే ఆప్షన్ ఆన్ చేసుకుంటే కొత్త మెసేజ్ వచ్చినా గ్రూపు పైకి రాదు, మన పేరు పెట్టి పిలిచినా మన మెసేజ్‌కి జవాబిచ్చినా తప్ప చప్పుడు కూడా చేయదు. ఆండ్రాయిడ్‌లో ఫోకస్ మోడ్ ఉంది కదా అంటారేమో, అది వాట్సాప్ మొత్తాన్ని ఆపేస్తుంది, హైదరాబాద్‌లో ఉన్న మా అక్క వీడియో కాల్ చేసేది ఆదివారమే మరి.

రామతీర్థం వెళ్లేవాళ్లయినా, చింతపల్లి బీచ్‌కి పోయేవాళ్లయినా, నాలాగ మధ్యాహ్నం తలుపేసుకుని పడుకునేవాళ్లయినా, వాడి చూడండి, పైసా ఖర్చు లేదు. టైము మాత్రం అది చూపించినట్టు పొద్దున్న ఎనిమిదికి వదిలేయకండి, సోమవారం పదింపావుకి మీరే మార్చి పెట్టుకోండి. ఎనిమిదికి వెళ్లిందంటే మనం నెల్లిమర్ల బస్సులో నిలబడి ఉండగానే "సార్, మెయిల్ చూశాను" అని ఫోన్లు మొదలవుతాయి.