వైడాల్ పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ కోర్సు మొదలుపెట్టేయకండి: మా అమ్మకు జరిగింది చదవండి

అమ్మానాన్నలు ఊళ్ళో ఉండి, మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తుంటే దయచేసి ఇది చివరిదాకా చదవండి. గత నవంబర్‌లో మా అమ్మ విషయంలో మేం 14,600 రూపాయలు పోగొట్టుకున్నాం. డబ్బు సంగతి వదిలేయండి. లేని జబ్బుకు మందు చేయించుకుంటూ ఐదు రోజులు పోగొట్టుకున్నాం, ఆ ఐదు రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. అమ్మకు 61 ఏళ్ళు. రెండు గేదెలున్నాయి, రోజూ పొద్దున్నే చేలగట్ల మీద పచ్చగడ్డి కోసి మోపు కట్టుకుని వస్తుంది. కార్తీకమాసంలో ఒక సోమవారం సాయంత్రం చలితో జ్వరం పట్టుకుంది. తల పగిలిపోయే నొప్పి, ఒళ్ళంతా నొప్పులు. రెండు రోజులు పారాసిటమాల్ వేసుకుని పడుకుంది. గురువారం కూడా 103 ఉండేసరికి మా చెల్లి మండల కేంద్రంలో ఉన్న క్లినిక్‌కు తీసుకెళ్ళింది. క్లినిక్ పక్కనే ల్యాబ్. ల్యాబ్ ముందు పెద్ద బోర్డు: 'ఫీవర్ ప్యాకేజీ 1,499 మాత్రమే, మలేరియా, డెంగీ, టైఫాయిడ్, సీబీపీ అన్నీ కలిపి, గంటలో రిపోర్టు'.

గంటలోనే రిపోర్టు ఇచ్చారు. మలేరియా లేదు, డెంగీ లేదు. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష దగ్గర 'ఓ' 1:160, 'హెచ్' 1:160 అని (టైఫాయిడ్ క్రిమిలోని రెండు భాగాలకు రక్తంలో పుట్టిన యాంటీబాడీల లెక్క, రెండో అంకె పెద్దదైతే అవి ఎక్కువున్నట్టు) రాసి, కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పాజిటివ్ అని పెట్టారు. "టైఫాయిడేనమ్మా, వారం రోజులు కోర్సు చేస్తే తగ్గిపోతుంది" అన్నాడు క్లినిక్ ఆయన. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ సూది, మధ్యలో ఒక సెలైన్. చెల్లి ఫోన్ చేసి చెబితే, హమ్మయ్య, ఏ జబ్బో తెలిసింది కదా అనుకుని డబ్బులు ఫోన్‌పే చేశాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తప్పు నాదే.

శని, ఆదివారాలు కూడా జ్వరం తగ్గలేదు. చెల్లి అడిగితే "టైఫాయిడ్‌కు మందు పడినా నాలుగైదు రోజులు జ్వరం ఉంటుంది" అన్నారు. నిజంగా టైఫాయిడ్ అయితే ఆ మాట అబద్ధం కాదు, సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి అన్ని రోజులు పడుతుంది. అందుకే మేం నమ్మి కూర్చున్నాం. సోమవారం రాత్రి చెల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. అమ్మ బాత్‌రూమ్ దాకా నడిస్తే ఆయాసపడుతోందట, మాట్లాడితే సగం పలుకుతోందట. నేను అప్పటికప్పుడు బస్సెక్కి వచ్చి, తెల్లారేసరికి అమ్మను ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ వైడాల్ రిపోర్టు ఒక్కసారి చూసి పక్కన పెట్టేశారు. అమ్మను తెర వెనక్కి తీసుకెళ్ళి, నర్సును పిలిచి, చెవుల వెనక, చంకల్లో, రొమ్ముల కింద, గజ్జల్లో అంతా టార్చి వేసి చూశారు. నడుము దగ్గర లంగా బొందు కట్టుకునే చోట దొరికింది. మినప్పొట్టంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో కాల్చినట్టు ఉంది. నొప్పి లేదు, దురద లేదు. "బొందు ఒరుసుకుని కమిలిందేమో అనుకున్నానమ్మా" అంది అమ్మ. ఐదు రోజులు పొద్దునా సాయంత్రం సూది వేసిన చోట ఒక్కరు కూడా ఒళ్ళు చూడలేదు.

అది స్క్రబ్ టైఫస్. పేరు టైఫాయిడ్‌కు దగ్గరగా వినిపించినా ఆ రెండింటికీ సంబంధం లేదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి సరిగా ఆనని సన్నటి పురుగు పిల్లలు కుడితే వస్తుంది. ఆ సూక్ష్మజీవి మన కణాల లోపలికి దూరి బతుకుతుంది, సెఫ్‌ట్రయాక్సోన్ దాన్ని ఏమీ చేయలేదు. దానికి పని చేసేది డాక్సీసైక్లిన్, చాలా పాత మందు, చాలా చవక. అదే రోజు స్క్రబ్ టైఫస్‌ను తేల్చే ఐజీఎం ఎలైజా పరీక్షకు రక్తం పంపి, రిపోర్టు కోసం ఆగకుండా మధ్యాహ్నం నుంచే 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు మొదలుపెట్టారు. అప్పటికి ప్లేట్‌లెట్లు 68,000కు పడిపోయి ఉన్నాయి. బుధవారం రాత్రికి జ్వరం దిగిపోయింది. గురువారం పొద్దున అమ్మ కాఫీ అడిగింది. పరీక్ష కూడా పాజిటివ్ అనే వచ్చింది.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరమ్మను అడిగాను, వైడాల్ పాజిటివ్ ఎందుకొచ్చింది మేడమ్ అని. మన ఊళ్ళలో పుట్టి పెరిగిన వాళ్ళ రక్తంలో ఎప్పుడో ఒకప్పుడు తగిలిన టైఫాయిడ్ క్రిములకో, వాటి దగ్గరి జాతులకో పుట్టిన యాంటీబాడీలు మిగిలి ఉంటాయట. ఈ పరీక్ష చూసేది వాటినే, క్రిమిని కాదు. టీకా వేయించుకున్నా, వేరే జ్వరాలు వచ్చినా అంకె పెరగొచ్చట. ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదన్నారు. వారం, పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగితే, అంటే 1:80 కాస్తా 1:320 అయితే, అప్పుడు దానికి కొంత విలువ. ఫ్రాన్స్‌లో ఫెర్నాండ్ వైడాల్ ఈ పరీక్ష కనిపెట్టింది 1896లో. అప్పటికి అది గొప్ప విషయమే.

నాకు మనసు ఆగలేదు. అమ్మ ఇంటికొచ్చాక, జ్వరం కాదు కదా జలుబు కూడా లేని నేను అదే ల్యాబ్‌కు వెళ్ళి వైడాల్ చేయించుకున్నాను. ఎలా చేస్తారో దగ్గరుండి చూశాను. గుండ్రాలు గీసిన కార్డు మీద రక్తం నుంచి తీసిన సీరం చుక్క, దాని మీద సీసాలోని రంగు మందు చుక్క వేసి, పుల్లతో కలిపి, ఒక నిమిషం పాటు అటూ ఇటూ ఊపుతారు. సాఫీగా ఉంటే లేదు, రవ్వరవ్వగా విరిగితే ఉంది. ఎంత విరిగిందన్నది చూసే కంటిని బట్టి ఉంటుంది. నాకు 'ఓ' 1:80, 'హెచ్' 1:160 వచ్చింది. ల్యాబ్ అబ్బాయి నిజంగా కంగారుపడ్డాడు. "అన్నా, మీకూ ఉంది, డాక్టరుగారికి చూపించుకోండి" అన్నాడు. ఆ పిల్లాడి మీద నాకు కోపం లేదు, వాడికి నేర్పింది అంతే. కానీ ఆ రోజు నాకు కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉండి ఉంటే నేనూ ఆ మంచమెక్కి సెలైన్ పెట్టించుకునేవాణ్ణి.

తర్వాత కొన్నాళ్ళు దీని మీదే చదివాను. నాకు బాగా తగిలిన విషయం ఒకటుంది. మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను నేపాల్‌లో దాదాపు 20,000 మంది పిల్లల మీద పరీక్షించి, 2019లో ఫలితం ప్రచురించారు, సుమారు 82 శాతం రక్షణ ఇచ్చిందని. ఆ పరిశోధనలో ఒక పిల్లాడికి టైఫాయిడ్ వచ్చిందని లెక్కలోకి తీసుకోవాలంటే బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తాన్ని ల్యాబ్‌లో ఉంచి అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షలో, క్రిమి పెరగాల్సిందే. వైడాల్‌ను ఎక్కడా లెక్కలోకి తీసుకోలేదు. టైఫాయిడ్ మీద పనిచేసేవాళ్ళు తమ లెక్కల్లోకి రానివ్వని పరీక్షను నమ్మి మన ఊళ్ళో అమ్మల చేతులకు వారం రోజులు సూదులు పొడుస్తున్నారు. వైడాల్ బదులు 'టైఫిడాట్' లాంటి కార్డు టెస్టులు పెట్టేవాళ్ళున్నారు. 2017లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష అలాంటి వాటి మీద జరిగిన 37 అధ్యయనాలు చూసి, కల్చర్ స్థానంలో వాడేంత కచ్చితత్వం వాటికి లేదని తేల్చింది.

బ్లడ్ కల్చర్‌లోనూ లోపాలున్నాయి. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్ళలో కూడా పదిమందిలో ఆరుగురికి మించి పట్టుకోదు, ఫలితానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ పడ్డాక రక్తం తీస్తే ఆ కాస్త అవకాశం కూడా తగ్గిపోతుంది. అమ్మకు పెద్దాసుపత్రిలో కల్చర్ చేస్తే ఏమీ పెరగలేదు. అప్పటికే పది సూదులు పడి ఉన్నాయి కాబట్టి దాన్నిబట్టి ఏమీ చెప్పలేమన్నారు. అందుకే మొదటి సూది వేయకముందే, "కల్చర్‌కు రక్తం తీశాక మందు మొదలుపెట్టండి" అని అడగండి. గొడవ పడాల్సిన పని లేదు, ఆ ఒక్క మాట అడిగితే చాలు. మండలంలో ఆ సౌకర్యం లేదంటే ఉన్న చోటికి వెళ్ళండి. అలాగని మనిషి మరీ నీరసంగా, మగతగా ఉంటే పరీక్షల కోసం మందు ఆపించకండి, నేరుగా పెద్దాసుపత్రికే తీసుకెళ్ళండి.

టైఫాయిడ్ ఉత్తదే అని నేను అనడం లేదు. అది ముదిరితే పేగుకు చిల్లు పడుతుంది, ప్రాణం పోతుంది. నిజంగా ఉన్నవాళ్ళకు ఆ సూదులు కావాల్సిందే.

ఇక ఒళ్ళు చూడటం. వానాకాలం నుంచి చలికాలం దాకా పొలం పనులు చేసేవాళ్ళకు, గడ్డి కోసేవాళ్ళకు ఐదు రోజులు దాటి జ్వరం ఉంటే మీరే చూడండి. మన ఆడవాళ్ళు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు, అడిగినా "ఏం లేదులే" అంటారు. చెల్లెలో, కోడలో, ఎవరో ఒకరు నడుము, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద వెతకాలి. మచ్చ అందరికీ ఉండదు. లేకపోయినా స్క్రబ్ పరీక్ష చేయమని అడగొచ్చు. మేం కొన్న 'అన్నీ కలిపి' ప్యాకేజీలో ఆ పరీక్ష లేనేలేదు. ఇది చదివి మెడికల్ షాపులో డాక్సీసైక్లిన్ మాత్రం కొనుక్కోకండి. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. జబ్బు ముదిరితే మాత్రలు సరిపోవు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్ ఉన్న దాదాపు 800 మంది మీద మన దేశంలోనే చేసిన పరిశోధన 2023లో వచ్చింది. ఈ రెండు మందుల్లో ఏదో ఒకటి ఇవ్వడం కన్నా రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే మేలని అందులో తేలింది. అది ఆసుపత్రిలో జరగాల్సిన వైద్యం.

ఈ పోస్టు ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. నిన్న రాత్రి మా ఎదురింటి పెద్దమ్మ కొడుకు పుణె నుంచి ఫోన్ చేశాడు. పెద్దమ్మకు నాలుగు రోజులుగా జ్వరం, అదే ల్యాబ్, అదే ప్యాకేజీ, 'ఓ' 1:160. ఇవాళ పొద్దున నుంచి సూదులు మొదలుపెడతామన్నారట. నేను అమ్మకు ఫోన్ చేసి విషయం చెప్పాను. అమ్మ ఆ రాత్రే ఎదురింటికి వెళ్ళి తలుపు వేసి, లైటు కింద పెద్దమ్మ ఒళ్ళంతా చూసిందట. మచ్చ ఏదీ కనిపించలేదు. ఏ జ్వరమో మాకు తెలియదు, టైఫాయిడే కూడా కావచ్చు. పొద్దున ఆరింటి బస్సుకు ఇద్దరూ పెద్దాసుపత్రికి బయల్దేరారు. సూది పడకముందే కల్చర్‌కు రక్తం ఇచ్చారని ఇందాకే మెసేజ్ వచ్చింది.