హ్యామక్ మీదికి 12×10 టార్పాలిన్: మూడు వాన రాత్రుల తర్వాత నా రివ్యూ

ముందు కొలత చెప్పేస్తాను, మొత్తం చదివే తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. నా హ్యామక్ (రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాల) గుడ్డ పొడవు 11 అడుగులు. దాని మీదికి 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న టార్పాలిన్ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో చెప్పి చేయించుకున్నాను, 120 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 120 గ్రాములు తూగే పట్టా. ఈ వానాకాలంలో మూడు రాత్రులు దాని కింద పడుకున్నాను, మూడు రాత్రులూ వాన పడింది, నేను మాత్రం తడవలేదు. మన వానలకి ఇంతకన్నా చిన్నది తీసుకోవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే పోయిన ఏడాది ఆగస్టులో వికారాబాద్ దగ్గర అనంతగిరిలో ఇదే హ్యామక్‌తో రాత్రంతా తడిశాను. అప్పుడు నా దగ్గరున్నది ఆన్‌లైన్‌లో కొన్న 10×8 టార్పాలిన్. అమ్మే పేజీలో ఎవరో అడిగిన ప్రశ్నకి "అన్ని హ్యామక్‌లకీ సరిపోతుంది" అని జవాబు ఉంది, నమ్మాను. రాత్రి పదకొండు దాటాక వాన మొదలైంది, ఒక పావుగంట బాగానే ఉంది, ఆ చప్పుడు వింటూ నిద్ర పట్టేలా కూడా ఉంది. అంతలో మెడ కింద చల్లగా తగిలింది. టార్చి వేసి చూస్తే చెట్టుకి కట్టిన పట్టీ మీద నీళ్లు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి దిగొస్తున్నాయి. గుడ్డ కుచ్చుగా ముడిపడే చోట ఒక్క క్షణం ఆగి, చుక్క ఉబ్బి, లోపలికి జారిపోతోంది. పక్క నుంచి జల్లు వేరే. ఒంటిగంటకల్లా స్లీపింగ్ బ్యాగ్ పిండితే నీళ్లు కారేలా అయింది, మిగతా రాత్రి కారులో కూర్చున్నాను.

తెల్లారాక నా బావమరిది టేపు తెచ్చాడు. వాడికి నాకన్నా ఈ ట్రెక్కింగుల అనుభవం ఎక్కువ. "బావా, గుడ్డని కొలిస్తే ఏం తెలుస్తది, కట్టినాక రెండు కొసల మధ్య ఎంతుందో కొలువు" అన్నాడు. కొలిస్తే 9 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. టార్పాలిన్ కొలిస్తే అదీ 9 అడుగుల 8 అంగుళాలే, ఎందుకంటే ప్యాకెట్ మీద 10 అని రాసింది అంచులు మడిచి కుట్టకముందు కొలత. అంటే హ్యామక్ కొసలూ పట్టా కొసలూ సరిగ్గా ఒకే చోట ఉన్నాయి, బయటికి ఒక్క అంగుళం కూడా లేదు. ఇక తడవక ఏం చేస్తాం!

ఇక్కడ రెండు విషయాలు తెలుసుకున్నాను. మొదటిది, హ్యామక్‌ని మంచంలా బిగదీసి కట్టకూడదు. చెట్టు పట్టీ నేలకి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి, అప్పుడే గుడ్డ తగినంత కిందికి వేలాడి, అందులో కొంచెం ఏటవాలుగా పడుకుంటే వీపు తిన్నగా ఉంటుంది. చేతి బొటనవేలూ చూపుడువేలూ తుపాకీలా చాపి, చూపుడువేలు నేలకి సమాంతరంగా పెట్టి, రెండు కొసల్ని కలిపే గీత వెంబడి పట్టీ పోతోందా అని చూస్తే చాలు, 30 డిగ్రీలకి దగ్గరగా వస్తుంది. రెండు కొసల మధ్య ఒక సన్నటి తాడు శాశ్వతంగా కట్టేసుకుంటే ఇంకా మేలు, దాని పొడవు గుడ్డ పొడవులో 83 శాతం ఉండాలని హ్యామక్‌వాళ్ల లెక్క. 11 అడుగుల గుడ్డకి అది 9 అడుగుల ఒకటిన్నర అంగుళం అవుతుంది, 10 అడుగుల గుడ్డకి 8 అడుగుల 4 అంగుళాలు దాకా. ఆ తాడు ఉంటే చెట్లు దూరమైనా దగ్గరైనా హ్యామక్ ఒకే ఆకారంలో వేలాడుతుంది, టార్పాలిన్ కొలత కూడా ఇక మారదు.

రెండోది, టార్పాలిన్ పొడవుని ఆ తాడుతో పోల్చాలి, గుడ్డతో కాదు. అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు కలుపుకోవాలి. కొందరు అరడుగు చాలంటారు, ఆరుబయట మంచు పడకుండా ఉండటానికైతే చాలు. జులై వానకి చాలదు. నాకు 11 అడుగులకి కాస్త పైన ఉన్నా లెక్క సరిపోయేది, అంచు మడతల్లో కొంత పోతుంది కదా అని 12 చెప్పాను.

మరి ఇంకా పెద్దది ఎందుకు వద్దు? రాణీగంజ్ కొట్టులో కూడా 15×12 రెడీమేడ్ ఉంది, తీసుకోమన్నారు. ఇక్కడే చాలామంది పొరపడతారు. టార్పాలిన్ బిగుతుగా లాగి కట్టాలంటే రెండు చెట్ల మధ్య దాని పొడవు కన్నా కనీసం రెండు మూడు అడుగులు ఎక్కువ జాగా ఉండాలి. 15 అడుగుల పట్టాకి 17, 18 అడుగుల దూరంలో, అదీ నా బరువు మోసేంత లావు చెట్లు వెతుక్కోవాలి. 12 అడుగులదానికి 14, 15 అడుగుల దూరం చాలు, పెద్ద అడుగులు వేసి ఐదారు లెక్కపెడితే తెలిసిపోతుంది. పైగా బరువు. 12×10 అంటే 120 చదరపు అడుగులు, సుమారు 11 చదరపు మీటర్లు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అనే కదా, 120 జీఎస్ఎంలో అది 1.3 కిలోలు దాటుతుంది, 200 జీఎస్ఎంలో 2.2 కిలోలు. అదే 15×12 పట్టా 200 జీఎస్ఎంలో 3.3 కిలోలు. కల్లంలో వడ్ల మీద కప్పడానికి 200 మంచిదే, కొట్టువాళ్లు మామూలుగా చూపించేదీ అదే, రైతులు అడిగేదీ అదే. వీపు మీద మోసేవాడికి మాత్రం దండగ.

వెడల్పు సంగతి పొడవు కన్నా ముఖ్యం, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. 8 అడుగుల వెడల్పంటే నడుమ తాడు (హ్యామక్ తాడు కాదు, పట్టా నడిమి గీత వెంబడి చెట్టు నుంచి చెట్టుకి కట్టేది) మీద నుంచి అటు నాలుగు, ఇటు నాలుగు అడుగులు. 45 డిగ్రీల వాలులో కడితే నాలుగడుగుల పట్టా కిందికి దిగేది మూడడుగుల లోపే. ఏటవాలుగా పడుకున్నవాడి పాదాలు ఒక పక్కకి, భుజం ఇంకో పక్కకి వస్తాయి, కాబట్టి ముందు తడిసేవి అవే. 10 అడుగుల వెడల్పులో ఒక్కో పక్క ఐదడుగులు వస్తుంది, అదే వాలులో మూడున్నర అడుగులు కిందికి దిగుతుంది, గాలి జోరుగా ఉంటే ఇంకా నిటారుగా లాగేసి నాలుగడుగులకి పైగా దించవచ్చు. చెప్పులు, బ్యాగు, పొద్దున టీ పెట్టుకునే చిన్న స్టవ్వు కూడా దాని కిందే ఉంటాయి.

మా బావమరిది దగ్గర 10×10 చదరం ఉంది, దాన్ని మూల నుంచి మూలకి కర్ణం మీద కడతాడు. అలా కడితే పొడవు 14 అడుగులు వస్తుంది, వినడానికి బాగుంటుంది, నడుమ దగ్గర కప్పు కూడా పుష్కలంగా ఉంటుంది. కానీ కొసకి వచ్చేకొద్దీ అది సన్నబడిపోతుంది, నా హ్యామక్ మీద వేసి చూస్తే తల దగ్గరా కాళ్ల దగ్గరా ఒక్కో పక్క రెండున్నర అడుగులే మిగిలింది. డిసెంబరు, జనవరిలో మంచుకి, ఎండాకాలం నీడకి అది చాలా బాగుంటుంది, తేలిక కూడా. వానాకాలం మాత్రం వాడు కూడా నా పట్టా వైపే చూశాడు.

ఇక రాణీగంజ్ సంగతి. టార్పాలిన్లు, తాళ్లు అమ్మే కొట్లు అక్కడ చాలా ఉన్నాయి, ఫలానా కొట్టు అని చెప్పను, కొలతలు కాగితం మీద గీసుకుని వెళితే ఎక్కడైనా చేసిస్తారు. నాకు చేసిచ్చిన పెద్దాయన ముందు "లారీకా, ట్రాలీకా తమ్మీ?" అని అడిగారు. ఉయ్యాల మీదికి అని బొమ్మ గీసి చూపిస్తే కాసేపు చూసి, "అట్లయితే జాయింట్ నడుమ రాకుండ జేస్త, నడుమ వస్తే వాన మొత్తం ఆడనే దిగుతది" అని ఆయనే అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు ఆయన మీద గురి కుదిరింది. నాలుగు మూలలా, పొడుగు అంచుల మధ్యలో ఒక్కోటి, పొట్టి అంచుల మధ్యలో నడుమ తాడు కోసం ఒక్కోటి, మొత్తం ఎనిమిది చోట్ల రెండు పొరల అతుకు వేసి, నాడాతో కొక్కేలు కుట్టించాను. ఇత్తడి రింగులు కూడా వేశారు. రెండో రాత్రి ఈదురుగాలికి ఒక రింగు పట్టా నుంచి ఊడొచ్చింది, పక్కనే ఉన్న నాడా కొక్కెం మాత్రం కదల్లేదు. రింగులకి పెట్టే డబ్బు నాడాకే పెట్టండి.

బాగోలేనివీ చెప్పాలి. ఇది ప్లాస్టిక్ పట్టా, ట్రెక్కింగ్ నైలాన్ కాదు. చిన్నగా మడత పడదు, తాళ్లూ అతుకులూ కలిపి కిలోన్నర తూగింది, బ్యాగులో సగం జాగా తినేస్తుంది. వాన చప్పుడు రేకుల షెడ్డు కింద పడుకున్నట్టే ఉంటుంది, నిద్ర తేలికగా ఉండేవాళ్లకి కష్టం. మడతల దగ్గర తెల్లటి గీతలు పడటం అప్పుడే మొదలైంది, ఎన్ని వానాకాలాలు వస్తుందో చూడాలి. పూత వేసిన నైలాన్ అయితే ఇదే కొలతలో దాదాపు సగం బరువుకి వస్తుంది, కానీ తడిస్తే అది సాగుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్లు మళ్లీ బిగించుకోవాలి. పాలియెస్టర్ అంతగా సాగదు. నడక ఎక్కువ చేసేవాళ్లు ఆ దారిలో వెళ్లండి, కొలత మాత్రం ఇదే ఉంచుకోండి.

కట్టేటప్పుడు పట్టాని హ్యామక్ పట్టీల మీద జానెడు ఎత్తులోనే ఉంచండి, ఫోటో బాగా వస్తుందని పైకెత్తితే జల్లు లోపలికొస్తుంది. మనకి వానాకాలం గాలి ఎక్కువగా పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి నడుమ తాడు ఉత్తర దక్షిణాలుగా వచ్చేలా చెట్లు చూసుకుంటే పట్టా పక్క గాలికి గోడలా అడ్డు నిలుస్తుంది. తల ఉత్తరానికి పెట్టొద్దని మా అమ్మ ఫోన్‌లో కూడా గుర్తు చేస్తుంది, దక్షిణానికే పెట్టుకుంటాను. చెట్టు పట్టీకి, పట్టా నీడలోకి వచ్చిన చోట, ఒక బూటు లేసు కట్టి వేలాడదీయండి. దిగొచ్చే నీళ్లు ఆ లేసు పట్టుకుని నేల మీదికి కారిపోతాయి, హ్యామక్ దాకా రావు. మూడో రాత్రి టార్చి వేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను, చుక్క చుక్కగా లేసు కొస నుంచి పడుతూనే ఉంది, దానికి రెండు జానల ఇవతల నా గుడ్డ పొడిగా ఉంది. అనంతగిరి ఎర్రమట్టి నానితే మేకులు నిలబడవు, ఆ రాత్రి రెండు మేకులు ఊడితే తాళ్లు పెద్ద రాళ్లకి కట్టాను.

రాణీగంజ్ వెళ్లేవాళ్లు సొంత టేపు తీసుకెళ్లి, తయారయ్యాక అక్కడే పరిచి కొలుచుకోండి, "అంచులు కుట్టాక 12 ఉండాలి" అని ముందే చెప్పండి. నాది 11 అడుగుల 9 అంగుళాలే వచ్చింది. ఆదివారం వెళ్లొద్దు, నేను వెళ్లిన ఆదివారం చాలా కొట్లకి షట్టర్లు దించే ఉన్నాయి.